నాలుగో కమాను సాక్షి

ఆగండి. చేతిలో పని ఒక్క నిమిషం పక్కన పెట్టి వినండి. చెవులు రిక్కించక్కర్లేదు, ఈ స్వరం చెవుల్లోంచి రాదు, అరికాళ్ళలోంచి ఎక్కుతుంది. ముందు మోకాళ్ళు, తర్వాత పొట్ట, ఆ తర్వాత పళ్ళు. పళ్ళ దాకా వచ్చిందంటే అది 'రె', మన సరిగమల్లో 'రి' అనుకోండి. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగని ఇంకాస్త వదులు చేసి మీటితే వచ్చే 'రె'.

సాన్ రోకే కెథీడ్రల్‌లో బుధవారం మధ్యాహ్నం మూడింటికి నీదియా ఆ తీగని మొదటిసారి మీటింది. తలుపు పక్కన పవిత్రజలం తొట్టిలో నీళ్ళు గుండ్రంగా వణికాయి. మేరీమాత ముందున్న కొవ్వొత్తులన్నీ ఒకేసారి ఒకే పక్కకి వంగాయి. పై కిటికీలో కూర్చున్న పావురాలు లేచి వెళ్ళిపోయాయి, మళ్ళీ రాలేదు.

"అదీ!" అని అరిచాడు కండక్టర్ అర్బోలేదా, చేతిలో సన్నకర్రని గాల్లోనే ఆపి. "అదీ నాక్కావాల్సింది! ఇది లేకపోతే ఈ పాటకి నేలే లేదు. చివర్లో పదహారు బార్లు పట్టుకోవాలి నీదియా. ఆవగింజంత తగ్గకూడదు."

"పట్టుకుంటాను మాస్త్రో."

బారంటే తాళంలో ఒక ఆవర్తం. అసలు ఆ స్వరం ఆర్గన్‌ది. కిందటేడు మార్చి భూకంపంలో ఆర్గన్ పెద్ద గొట్టాలు విరిగి పడ్డాయి. అందుకని ఆర్గన్ మోయాల్సిన బరువు ఇప్పుడు 'సెనీసా' అనే నలుగురి రాక్ బ్యాండులో బేస్ వాయించే ఇరవై నాలుగేళ్ళ నీదియా మీద పడింది. వెనకాల యాభైమంది ఆర్కెస్ట్రా, ఆ వెనకాల నలభైమంది పాడేవాళ్ళ క్వయర్. పదమూడు నెలల తర్వాత కెథీడ్రల్ తలుపులు తెరుస్తున్నారు, శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి, రెండు కచేరీలు. శనివారం రేడియోవాళ్ళొచ్చి రికార్డు చేస్తారు. ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళలోనూ, బస్‌స్టాండు వెనక షెడ్డులోనూ వాయించిన పిల్లకి ఇది మామూలు విషయం కాదు. పొద్దుట్నుంచీ అన్నం కూడా సరిగ్గా దిగలేదు.

రెండోసారి మీటినప్పుడు ఆమె నల్ల గిటార్ మీద ఏదో తెల్లగా రాలింది. పిండిలా.

"చుండ్రు!" అన్నాడు డ్రమ్మర్ ఫెర్నేయ్. డ్రమ్స్ మోత వయొలిన్లని మింగేస్తుందని అతని చుట్టూ నిలువెత్తు ప్లాస్టిక్ పలకలు కట్టారు. వాటి వెనక అక్వేరియంలో చేపలా కూర్చుని నోరు మాత్రం ఆపటంలేదు. "పైన దేవదూతలు తల దువ్వుకుంటున్నారే! నీ మోతకి వాళ్ళకీ దురద పుట్టింది."

అందరూ నవ్వారు. నీదియా తలెత్తి చూసింది. ఆమె నిలబడ్డ వేదికకి కుడిపక్కన నాలుగో స్తంభం, దానిమీంచి లేచిన కమాను. కమాను నడుం మీద ఒక సన్నటి బీట, ఆ బీటకి అడ్డంగా అరచేయంత ప్లాస్టర్ బిళ్ళలు మూడు, గాయానికి కట్టిన పట్టీల్లా.

విరామంలో అందరూ బెల్లంనీళ్ళకోసం పెరట్లోకి పోయారు. పరంజా మీంచి ఓ ముసలాయన ఒక్కో మెట్టే దిగి వచ్చాడు. తాపీమేస్త్రీ ఎలియేసెర్. గోడలు కట్టే పెద్దపనివాణ్ణీ ఆ ఊళ్ళో మాస్త్రో అనే అంటారు, మనం మేస్త్రీ అంటాం చూడండి, అదే మాట. ఆయన టోపీ తీసి, నీదియా గిటార్ మీది పొడిని వేలితో అద్దుకుని, వేళ్ళమధ్య నలిపి, నాలిక చివర పెట్టుకున్నాడు.

"పాత సున్నం కాదమ్మాయ్ ఇది. నా ప్లాస్టరే."

"రుచి చూసి చెప్పేస్తావా మాస్త్రో?"

"నలభై ఏళ్ళనుంచీ తింటున్నా. ఇంట్లో వంటకన్నా ఇదే ఎక్కువ తిన్నాను." నవ్వలేదు. పైకి చూపించాడు. "అవి సాక్షులు. బీట మీద పల్చగా బిళ్ళ పెట్టి, తేదీ వేసి వదిలేస్తాం. బీట కదిలితే బిళ్ళ పగులుతుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. ఏడాదినుంచి మూడూ అలాగే ఉన్నాయి. రా."

పరంజా ఎక్కించాడు. దగ్గర్నుంచి చూస్తే బిళ్ళ అద్దంలా నున్నగా ఉంది. పెన్సిల్‌తో ఏప్రిల్ 27 అని తేదీ, మూలన బొటనవేలి ముద్ర. ముద్రకి అడ్డంగా ఒక గీత. ఆయన తన బొటనవేలు చూపించాడు, ఎప్పుడో రంపం కోసిన మచ్చ. "సంతకం రాదని కాదు. సంతకం ఎవడైనా గీకుతాడు."

నడిమి బిళ్ళ మీద గోరు పెట్టి పైనుంచి కిందకి లాగాడు. సగంలో గోరు టక్కున ఆగింది. వెంట్రుకంత పగులు.

"పొద్దున్న ఏడింటికి చూశాను, లేదు," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీ స్వరం ఎంతసేపు పట్టుకోమన్నాడూ?"

"పదహారు బార్లు. ముప్పావు నిమిషం."

ఆయన టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

గురువారం పొద్దున్న నీదియా వచ్చేసరికి కెథీడ్రల్ తలుపుకి కాగితం అంటించి ఉంది. కింద మున్సిపాలిటీ ముద్ర. 'నాలుగో కమానును మాస్త్రో పరిశీలించి, కచేరీకి ఎటువంటి ఇబ్బందీ లేదని తెలియజేశారు.' ఆమెకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. పరుగున లోపలికెళ్ళి పరంజా కింద నిలబడి అరిచింది.

"మాస్త్రో! పర్లేదన్నావట! రాత్రంతా నిద్రలేకుండా చేశావుగా నన్ను!"

పైనుంచి తాపీ చప్పుడు ఆగింది.

"ఎవరన్నారు?"

"నువ్వే! తలుపుమీద రాసుంది!"

"నేనా? నన్నెవరడిగారే?"

ఇద్దరూ కలిసి చర్చి ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ కాగితాలన్నీ చూసేది దోన్యా ఓఫీర్, అరవై ఏళ్ళ మనిషి, టేబుల్ మీద ఎప్పుడూ ఒక ప్లేటు మొక్కజొన్న రొట్టెలు. విషయం వినగానే కళ్ళజోడు నుదుటి మీదకి తోసింది.

"ఫాదర్‌గారు నన్ను పిలిచి, నాలుగో కమాను దగ్గర పొడి రాలిందంటున్నారు, మాస్త్రోని అడుగు అన్నారు. ఫోన్ చేశాను. మాస్త్రో, నాలుగో కమాను దగ్గర ఏమైనా ఇబ్బందుందా అని అడిగాను. ఇబ్బందా, అద్భుతంగా ఉందమ్మా, అక్కడే మంచి నాదం వస్తోంది అన్నారు. రాసుకున్నాను. పంపించాను. ముద్ర పడింది. ఇందులో నా తప్పేముందీ?"

"ఎవరికి చేశారు ఫోను?" అంది నీదియా.

"ఎవరికేమిటమ్మా? మాస్త్రో అర్బోలేదాకి!"

ఎలియేసెర్ టోపీ అంచుని వేళ్ళతో తిప్పుతూ నిలబడ్డాడు. "నాదం," అన్నాడు మెల్లగా. "నాదం వస్తోందట."

"ఏ మాస్త్రో అని నేనెందుకడుగుతాను? మాస్త్రో అంటే మాస్త్రోనే!" దోన్యా ఓఫీర్ మొహం ఎర్రబడింది. "ఈయనకి అసలు ఫోనుందా?"

లేదు. అదీ నిజమే.

ఫాదర్ ఎవారిస్తో చెడ్డవాడు కాదు. మొత్తం విన్నాడు, రెండుసార్లు తలూపాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. వీధిలో దీపాల తోరణాలు కడుతున్నారు. తొమ్మిదివందల మందికి పిలుపులు వెళ్ళాయి. బిషప్పు వస్తున్నాడు. ఇప్పుడు కాగితం తప్పని రాస్తే తలుపులు మళ్ళీ మూస్తారు, ఈసారి ఎన్నేళ్ళో తెలీదు, కొండ అవతల సాంతా ఇనేస్ చర్చి మూసి పదకొండేళ్ళయింది, లోపల మేకలు తిరుగుతున్నాయి. ఇదంతా ఆయన పైకి అనలేదు. అన్నదల్లా ఇంతే:

"వెంట్రుకంత అన్నావు కదా ఎలియేసెర్?"

"నిన్న వెంట్రుకంత ఫాదర్."

"సోమవారం బొగొటా నుంచి ఇంజనీరుని పిలిపిస్తాను. మాటిస్తున్నాను. అప్పటిదాకా నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో. పరంజా కూడా విప్పేస్తారు, జనానికి అడ్డం." భుజం మీద చెయ్యేశాడు. "జనాన్ని భయపెట్టకు. ఇప్పటికే భయపడినవాళ్ళు."

ఎలియేసెర్ తన బకెట్, తాపీ, గోడ నిలువు చూసే తూకం గుండు తీసుకుని బయటికి నడిచాడు. మెట్ల దగ్గర ఆగి తూకం గుండు తాడుని అరచేతికి చుట్టుకున్నాడు, నెమ్మదిగా, ఒక్కో చుట్టూ సరిగ్గా పక్కపక్కన పడేలాగా. నీదియా పక్కన నిలబడి చూస్తోంది.

ఆ మధ్యాహ్నం రిహార్సల్లో ఆమె అర్బోలేదాని అడిగింది. "మాస్త్రో, చివరి రె బదులు పై స్థాయి రె వాయించనా? తేలిగ్గా ఉంటుంది, క్వయర్ మాటలు కూడా వినపడతాయి."

అర్బోలేదా ఈ గుడిలో మోత ఆరు క్షణాలు తిరుగుతుందని లెక్కగట్టి, డ్రమ్స్‌కీ వయొలిన్లకీ మధ్య తేడా రాకుండా మూడురోజులుగా గొంతు చించుకుంటున్నాడు. కళ్ళు పీక్కుపోయాయి. "ఇల్లు కట్టి పునాది తీసేద్దామంటావా?"

"పునాది గురించే అడుగుతున్నా మాస్త్రో. ఆ కమాను..."

"కాగితం చూశావుగా?"

"ఆ కాగితంలో మాస్త్రో మీరే!"

అతను పక్కకి తిరిగి కాసేపు నవ్వాడు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి. తర్వాత ఆగిపోయాడు. పైకి చూశాడు. అటూ ఇటూ తిరిగిన చూపు వచ్చి నోట్స్ కాగితాల మీద వాలింది. "నాకు రాళ్ళ గురించి తెలీదు నీదియా. తెలిసినవాళ్ళు ముద్ర వేశారు. మళ్ళీ మొదట్నుంచి, అందరూ."

శుక్రవారం సాయంత్రం ఐదింటికి కెథీడ్రల్ నిండిపోయింది. బెంచీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. మొదటి పాటకే జనం ఊగిపోయారు, ముసలమ్మలు కూడా చప్పట్లు, ఫెర్నేయ్ అక్వేరియంలోంచి చెమటలు కక్కుతూ వాయిస్తున్నాడు. నీదియాకి చేతులు వాటంతటవే నడుస్తున్నాయి. ప్రతి పాటకీ మధ్య ఆమె తలెత్తి చూస్తోంది. పరంజా తీసేశాక ఆ బిళ్ళలు ఇంకా పైకి వెళ్ళిపోయినట్టున్నాయి. నాలుగో స్తంభం కింద బెంచీలో ఒకామె చంటిదాన్ని ఒళ్ళో నిలబెట్టి ఆడిస్తోంది. చంటిదాని నల్లటి జుట్టు మీద తెల్లగా ఏదో ఉంది. తల్లి దాన్ని చేత్తో దులిపేసింది, పాట వింటూనే.

చివరి పాట. అర్బోలేదా ఎడమచెయ్యి నీదియా వైపు చాపి, అరచెయ్యి నేలకేసి తిప్పాడు. ఇప్పుడు.

ఆమె అరచెయ్యి తీగల మీద బల్లపరుపుగా పడింది. అక్కడే ఉండిపోయింది.

ఏ మోతా రాలేదు. ఆమె స్వరం వినపడ్డాకే కొట్టాల్సిన పెద్ద డ్రమ్ము మనిషి కర్ర ఎత్తి అలాగే ఉండిపోయాడు. నలభైమంది క్వయర్ పట్టుకోడానికి ఏమీలేక గాల్లోకి అడుగేశారు. మొదటి రెండు బార్లు ఎలాగో నిలబడ్డాయి, మూడో బారుకి శ్రుతి జారటం మొదలుపెట్టింది, అందరూ కలిసి జారారు, మెట్లమీంచి సామాను జారినట్టు. అర్బోలేదా మెడనరాలు ఉబ్బాయి. పదహారు బార్లు అయ్యేసరికి జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ఆ తర్వాత మర్యాదకి చప్పట్లు కొట్టారు.

"చేతికేమైందే నీకు?" బట్టలు మార్చుకునే గదిలో ఫెర్నేయ్ కర్రలు నేలకేసి కొట్టాడు. "బిషప్పు ముందు పరువు తీశావు! తొమ్మిదేళ్ళే! తొమ్మిదేళ్ళు షెడ్డులో చచ్చాం దీనికోసం!"

"సాక్షి పగిలింది ఫెర్నేయ్."

"ఏ సాక్షి? ఏ కోర్టు?"

అర్బోలేదా అరవలేదు. అదే ఇంకా భయంగా ఉంది. "రేపు రేడియో ఉంది. కాలీ ఊళ్ళో బేస్ వాయించే అతనొకడున్నాడు, పిలిస్తే బస్సెక్కుతాడు. పొద్దున్న పదింటికి నాకు ఆ పగులు చూపించు. ఉంటే పాటే మార్చేస్తాను. లేకపోతే వాయించు, లేదా గిటార్ అతనికివ్వు."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పగులు చూపిస్తే చాలు!

శనివారం పదింటికి నిచ్చెన వేశారు. ముందు అర్బోలేదా ఎక్కాడు, టార్చి వేసి చాలాసేపు చూశాడు. దిగి, టార్చి నీదియా చేతిలో పెట్టాడు. కింద ఫాదర్ ఎవారిస్తో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆమె ఎక్కింది. మూడు బిళ్ళలూ తెల్లగా, నున్నగా, ఎక్కడా గీతలేకుండా ఉన్నాయి. ఏప్రిల్ 27. ఆమె నడిమిదాని మీద గోరు పెట్టి పైనుంచి కిందకి లాగింది. ఎక్కడా ఆగలేదు. కానీ చల్లగా తగిలింది, మిగతా రెండూ అలా లేవు. గోట్లోకి మెత్తగా ఏదో దిగింది. తడి.

మూలన బొటనవేలి ముద్ర. ముద్రకి అడ్డంగా గీత.

"కనిపించిందా?" కిందనుంచి అర్బోలేదా.

ఏం చెప్పాలి? ఇది కొత్తదని చెప్తే, ఎవరు పెట్టారో ఆ వేలిముద్రే చెప్తుంది.

"లేదు మాస్త్రో," అంది.

ఎలియేసెర్ వెనక పెరట్లో కుళాయి దగ్గర బకెట్ కడుగుతున్నాడు. తెల్లటి నీళ్ళు రాళ్ళమధ్యనుంచి పారుతున్నాయి. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఎందుకు చేశావు?"

ఆయన బకెట్ తిప్పి అడుగు కూడా కడిగాడు. "నిన్న వెనక నిలబడి విన్నాను. గానం జారిపోయింది. అందరూ నిన్నే చూశారు. తర్వాత దోన్యా ఓఫీర్ చెప్పింది, నీ గిటార్ ఎవడికో ఇచ్చేస్తారట కదా. నా మాట విన్నందుకు." తాపీ తీసి కడగటం మొదలుపెట్టాడు. "తెల్లారకముందే గంటగోపురం వైపునుంచి ఎక్కాను. ఆ దారి నాకొక్కడికే తెలుసు."

"పగులు ఎంతుంది?"

"ఇప్పుడు గోరు పడుతుంది."

"మాస్త్రో!"

"అరవకు తల్లీ. ఇలాంటి కమాన్లు వందేళ్ళు ఇలాగే నిలబడతాయి. కొన్ని." తాపీని నీళ్ళలో ఊపాడు. "నలభై ఏళ్ళలో ఒక్క దొంగసాక్షి పెట్టలేదు నేను. ఇదే మొదటిది. మూడుసార్లు చెరిపి పెట్టాను. మొదటిరోజు పనికొచ్చినవాడిలాగా." చివరికి తలెత్తి ఆమెని చూశాడు. "నువ్వు వాయించు. కింద సంగతి నేను చూసుకుంటాను."

ఆయన ఏం చూసుకుంటాడో సాయంత్రం ఐదింటికి తెలిసింది. నాలుగో స్తంభం పక్కన నాలుగు బెంచీల చుట్టూ తాడు కట్టేసి ఉంది. తాడుకి అట్టముక్క: 'తడి సున్నం, కూర్చోవద్దు'. ఆ ఖాళీ బెంచీల మధ్య ఎలియేసెర్ ఒక్కడే, నల్లకోటు వేసుకుని, దువ్వుకున్న జుట్టుతో, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని, సరిగ్గా కమాను కింద కూర్చున్నాడు.

నీదియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాయించగలననిపించింది. ఇలా అయితే వాయించగలననే అనిపించింది, నిజం చెప్పాలిగా.

రెండో పాట అయ్యేసరికి నిన్నటికంటే జనం ఎక్కువైపోయారు. గుమ్మం దగ్గర తోపులాట. అర్బోలేదా ఒకసారి వెనక్కి తిరిగి, ఆ ఖాళీ బెంచీలని చూసి, దోన్యా ఓఫీర్‌ని పిలిచి చెవిలో ఏదో అన్నాడు. ఆమె చకచకా వెళ్ళి తాడు ముడి విప్పింది. ఎలియేసెర్ లేచి రెండు చేతులూ అడ్డంపెట్టాడు. ఏదో అంటున్నాడు. అక్కడ పడ్డ మాట ఈ గుడిలో ఎటైనా చేరుతుంది, ఆమె జవాబు వేదిక దాకా స్పష్టంగా వచ్చింది.

"మాస్త్రో ఖాళీలు ఉంచొద్దన్నారయ్యా! సున్నం ఎప్పుడో ఆరిపోయింది, కూర్చో!"

జనం గబగబా వచ్చి కూర్చున్నారు. తెల్లచొక్కాల బడిపిల్లలు ఒక వరస. చంటిదాంతో నిన్నటి ఆమె. వాళ్ళని సర్ది, దోన్యా ఓఫీర్ కూడా ఎలియేసెర్ పక్కనే చతికిలబడి, చేతిసంచీలోంచి మొక్కజొన్న రొట్టె తీసి ఆయనకి సగం తుంచి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. నీదియా వైపు చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపుతున్నాడా, నిలువుగానా, ఇంత దూరంనుంచి ఆమెకి తెలియటంలేదు.

చివరి పాట మొదలైంది. రేడియోవాళ్ళ ఎర్రదీపం వెలుగుతోంది. ఫెర్నేయ్ ప్లాస్టిక్ వెనకనుంచి కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఈ పూట కూడా ఆపితే గిటార్ ఎలాగూ పోతుంది. ఆపి, మైకు లాక్కుని, లేవండి, బయటికి పొండి అని అరిస్తే నిచ్చెన వేస్తారు, బిళ్ళ చూస్తారు, ముద్ర చూస్తారు, నలభై ఏళ్ళు ఒక్క అబద్ధం చెప్పని బొటనవేలిని దొంగ అంటారు. ఇంతా చేసి కమాను వందేళ్ళు నిలబడొచ్చు. వాయిస్తే ముప్పావు నిమిషమే.

అర్బోలేదా ఎడమచెయ్యి ఆమె వైపు చాపాడు. అరచెయ్యి నేలకేసి తిరుగుతోంది. ఆమె బొటనవేలు లావు తీగ మీద ఉంది, గోట్లో ఆ తెల్లటి ప్లాస్టర్ ఎండి గట్టిపడింది, తీగకి తగిలి గరగరలాడుతోంది.

మీ వేలు ఆ తీగ మీద ఉంటే, మీరేం చేస్తారు?